పోయిన వారం కన్నా ఎక్కువ

వయ్యారిభామ అని ఆ మొక్కకి పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, దాన్ని ఒక్కసారి కూడా పీకి ఉండడు. పీకినవాడెవడూ అంత ముద్దుపేరు పెట్టడు. చేతికి తగిలితే దద్దుర్లు, ముక్కుకి తగిలితే తుమ్ములు, ఒక్క మొక్క పూసిందంటే వేలకొద్దీ గింజలు. అది పాతుకున్న చోట ఇంకో గడ్డిపోచని బతకనివ్వదు. అలాంటిది నగరం నడిమధ్య ఉన్న పెద్ద పార్కులో, వాననీళ్ళు చేరే పల్లం నిండా, అడిగే దిక్కు లేక నడుమెత్తు పెరిగి తెల్లపూలు ఊపుకుంటూ కూర్చుంది.

దాన్ని వదిలించడానికి ఆదివారం పొద్దున్నే చేతులకి తొడుగులేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని వచ్చే జనానికి పెద్ద ఒక సేల్స్ మేనేజరు. మంచినీళ్ళ ఫిల్టర్లు అమ్మే కంపెనీలో ఆమెది పెద్ద ఉద్యోగమే. ఆమె పేరు చెబితే కింద పనిచేసే కుర్రాళ్ళు కుర్చీలోంచి లేస్తారు. పార్కులో మాత్రం ఆమెని అందరూ టార్గెట్ మేడమ్ అంటారు. వెనకాల అంటున్నామనుకుంటారు గానీ ఆ సంగతి ఆమెకి తెలుసు. అందులో తప్పేం కనబడక ఊరుకుంది.

ఆమె అసలు పార్కుకి వచ్చింది డాక్టరు తిట్టాక. బీపీ చూసి, ఫోను ఇంట్లో పడేసి రోజూ నడవమన్నాడు. నడిచింది. గుండ్రటి బాట మీద నడిచి నడిచి మొదలుపెట్టిన చోటికే రావడం అచ్చం ఆఫీసు పనిలాగే అనిపించింది. నెలాఖరుకి కిందా మీదా పడి టార్గెట్ కొట్టడం, ఒకటో తారీఖు తెల్లారేసరికి బోర్డు మీద మళ్ళీ సున్నా. ఒకరోజు పల్లం గట్టున నలుగురైదుగురు ఏవో మొక్కలు పీకుతుంటే ఆగి, తనూ వంగి ఒకటి లాగింది. వేరుతో సహా వచ్చింది. మర్నాడు వెళ్ళి చూస్తే ఆ చోటు ఖాళీగానే ఉంది. ఆ మర్నాడూ అంతే. చేసిన పని చేసినట్టు ఉండిపోవడం ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె చూడలేదు. ఆ వారమే ఆ నలుగురైదుగురికీ తనే పెద్దయిపోయింది.

అప్పటికే పార్కుల ఆఫీసరు పల్లం మొత్తానికీ కలుపు మందు కొట్టించి, పైన లాన్ పరిపించే ఆలోచనలో ఉన్నాడు. ఆమె వెళ్ళి బతిమాలింది. వానలు పడేలోగా చేత్తోనే తీసేస్తామంది. ప్రతి వారం రిపోర్టు పంపితే ఆగుతానన్నాడు. రిపోర్టు అనే మాట వినగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

కానీ ఆ జనంతో పని చేయించడమంటే తల ప్రాణం తోకకొచ్చేది. ఒకాయన మొక్క పీకేముందు ఒక ఫొటో, పీకాక ఒక ఫొటో దిగి, దాంతో ఆ వారానికి చేతులు దులుపుకునేవాడు. పళ్ళ డాక్టరమ్మ వంగితే నడుం పట్టేస్తుందని నిలబడే సలహాలిచ్చేది. బ్యాంకులో రిటైరైన క్యాషియరు గారు మొక్కనొదిలి టీ వచ్చే దారి చూసేవారు. వీళ్ళందరి కన్నా ఆమెకి ఒళ్ళు మండించే మనిషి ఆమె మామగారే. స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా ఆయన విజిల్ వేస్తే మైదానమంతా నిలబడిపోయేదట. రిటైరయ్యాక గదిలోంచి రావడమే మానేశారు. ఎవరో ఎవరితోనో ఆడే ఆటలు టీవీలో సౌండు లేకుండా చూస్తూ కూర్చునేవారు. కొడుకు "అలా నడిచి రా నాన్నా" అంటే, "ఎక్కడికి?" అనేవారు. ఆ ప్రశ్నకి కొడుకు దగ్గర జవాబు ఉండేది కాదు. కోడలు జవాబు గురించి ఆలోచించకుండా కారెక్కించి తీసుకొచ్చింది. తీసుకొస్తే పార్కు బెంచీ మీద కూడా ఆయన గదిలో కూర్చున్నట్టే కూర్చున్నారు.

ఇక లాభం లేదని ఆమె తనకి తెలిసిన విద్య బయటికి తీసింది. జనాన్ని రెండు టీములు చేసింది. ఒకదానికి మామగారు కెప్టెను, రెండోదానికి పళ్ళ డాక్టరమ్మ. పాత సామాన్ల కొట్లోంచి ఒక కాటా తెచ్చి గేటు పక్కన పెట్టి, క్యాషియరు గారిని దాని ముందు కూర్చోబెట్టింది. ఎవరి సంచులు వాళ్ళు తూయించుకోవాలి. నియమం ఒక్కటే, పోయిన వారం కన్నా ఎక్కువ రావాలి. తూకాలన్నీ గ్రాఫ్ గీసి గ్రూపులో పెట్టేది, ఆఫీసరుకీ అదే రిపోర్టుగా పంపేది. గెలిచిన టీం పక్కన కప్పు బొమ్మ, వెనకబడిన టీం పక్కన చిన్న తాబేలు బొమ్మ. మొదటి తాబేలు మామగారి టీముకే వచ్చింది.

ఆ మరుసటి ఆదివారం ఆయన అందరికన్నా ముందు లేచి, పాత విజిల్ మెడలో వేసుకుని కారు దగ్గర నిలబడ్డారు. ఆ రోజునుంచి పార్కు తీరే మారిపోయింది. ఫొటోలు దిగే ఆయనకి ఫోను తీసే తీరిక లేదు. డాక్టరమ్మకి నడుం ఉందన్న సంగతే గుర్తు లేదు. గ్రాఫులో గీత వారం వారం పైకెక్కింది. గెలిచిన కెప్టెను ఫొటో గేటు దగ్గర బోర్డులో పెట్టాలన్నది కూడా ఆమె ఆలోచనే. తన ఫొటో అక్కడికి ఎక్కినప్పటినుంచి మామగారు సాయంత్రాలు పాలకనీ, పేపరుకనీ బయల్దేరి గేటు ముందునుంచే వెళ్ళొచ్చేవారు. పాలు ఇంటికే వస్తాయని ఎవరూ ఆయనకి గుర్తు చేయలేదు.

ఆఫీసరు కలుపు మందు కొట్టిస్తానన్న సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. పైనుంచి వచ్చే భయాన్ని కిందికి దించకూడదు, అంకె మాత్రమే దించాలి అన్నది ఆమె వృత్తిధర్మం. కారణం చెబితే జనం చర్చలు పెడతారు, అంకె చెబితే పరిగెడతారు.

ఇంకొకటి కూడా చెప్పలేదు. చలి తగ్గాక ఒక చిన్న వాన పడింది. ఆ తర్వాతి ఆదివారం అందరికన్నా ముందొచ్చి పల్లంలోకి దిగితే, కలుపు తీసేసిన నేల మీద విష్ణుక్రాంత పాకి ఉంది. నేలకి అంటుకుని, చొక్కా గుండీ కన్నా చిన్న నీలం పూలు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. ఆమె జీవితంలో ఫాలో అప్ చేయకుండా వచ్చింది అదొక్కటే. అక్కడే కూర్చుండిపోయింది. కళ్ళు చెమర్చాయి కూడా, అడిగితే ఒప్పుకోదు. అప్పటినుంచి ప్రతి ఆదివారం జనం రాకముందే వెళ్ళి, ఎంతమేర పాకిందో చూసుకుని, ఏమీ ఎరగనట్టు కాటా దగ్గరికి వచ్చేసేది. తను స్వయంగా మొక్క పీకి చాలా రోజులైందన్న సంగతి ఆమెకి తట్టలేదు.

వానలు దగ్గరపడ్డాయి. ఒక శనివారం పొద్దున, ఆమె మీటింగులో ఎవరినో నిలబెట్టి కడిగేస్తుంటే పార్కుల ఆఫీసరు ఫోను చేశాడు.

"మీ గ్రాఫ్ చూశాకే నిర్ణయం తీసుకున్నామండీ. చాలా స్పష్టంగా ఉంది."

ఆమె మొహం వెలిగిపోయింది. "థాంక్సండీ."

"రేపు పొద్దున్నే మందు కొట్టే బండి వస్తుంది. మీవాళ్ళని రావద్దని చెప్పండి."

మీటింగుని నడిమధ్య వదిలేసి ఆమె ఆయన ఆఫీసుకి వెళ్ళింది. పార్కులన్నిటినీ ఏలే ఆ గదిలో కిటికీ పక్కన ప్లాస్టిక్ పూలకుండీ ఉంది, దాని మీద దుమ్ము. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. అలసిపోయిన మనిషి, అంతే. ఆమె పంపిన గ్రాఫే బల్ల మీద పెట్టి వేలితో చూపించాడు.

"చూడండి, ప్రతి వారం పెరుగుతోంది."

"అవునండీ, పెరుగుతోంది."

"అదే నేనూ అంటున్నాను."

"మేం పీకేది పెరుగుతోందండీ. మొక్క పెరగడం కాదు."

"మొక్క లేకపోతే ఎక్కణ్ణుంచి పీకుతున్నారమ్మా?"

ఆమె గ్రాఫ్ కాయితాన్ని తన వైపు తిప్పుకుంది.

"నాకు మీ సేల్స్ సంగతి తెలియదు," అన్నాడాయన, విసుగు దాచుకుంటూ. "నాకు జ్వరం చార్టు తెలుసు. గీత పైకి పోతోందంటే రోగం ముదిరిందని. ఇంతమంది ఇంత కష్టపడ్డా తగ్గలేదంటే చేత్తో అయ్యే పని కాదు. మీ తప్పేం లేదు, అది మహా మొండి మొక్క."

గ్రాఫ్ చదవడం రాని మనిషిని ఆ కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారని ఆమె దారి పొడుగునా తిట్టుకుంది. ఎర్ర లైటుని తిట్టుకుంది, హారన్ కొట్టినవాడిని తిట్టుకుంది. పార్కు గేటు దాటేసరికి తిట్లు అయిపోయి ఆయన ప్రశ్నొక్కటే మిగిలింది.

పల్లం శుభ్రంగా ఉంది. ఆఫీసు బట్టల్లో, ఎత్తు చెప్పుల్తో గట్టు చుట్టూ తిరిగి చూసింది. వయ్యారిభామ అన్నది వెతికినా లేదు. మరి పోయిన ఆదివారం కాటా ఎక్కిన అన్ని సంచులు ఎక్కడివి? ఆమె సేల్సులో పుట్టి పెరిగిన మనిషి. నెలాఖరున ఉన్నట్టుండి ఆర్డర్లు ఊడిపడ్డాయంటే ఎవడో ముందే దాచిపెట్టుకున్నాడని అర్థం. చుట్టూ చూసింది. కొళాయినుంచి ఒక ఆకుపచ్చ పైపు గడ్డిలోంచి పాక్కుంటూ పంపు గది వెనక్కి వెళ్ళింది. ఆమె కూడా వెళ్ళింది.

పంపు గది గోడకీ కంచెకీ మధ్య, ఎవరూ పోని సందులో, వయ్యారిభామ తోట ఉంది. తోట అనే అనాలి. వరసలు తీసి, పాదులు చేసి ఉంది. నడిమధ్య తాడు కట్టి రెండు భాగాలు చేశారు. ఇటువైపు ఎండ టోపీ పెట్టుకుని, పైపు పట్టుకుని మామగారు. అటువైపు, వంగితే నడుం పట్టేసే డాక్టరమ్మ, చక్కగా వంగి మొక్కల చివర్లు ఒక్కొక్కటే గిల్లుతోంది. బోర్లించిన బకెట్టు మీద క్యాషియరు గారు కూర్చుని, ఇటువాళ్ళ నీళ్ళు అటు పారకుండా కాపలా కాస్తున్నారు.

"ఏం చేస్తున్నారు?" అంది ఆమె.

మామగారు ఉలిక్కిపడలేదు సరికదా, సంతోషించినట్టు కనిపించారు. "రా అమ్మా, చూడు. ఒక్క పువ్వు కూడా రానివ్వట్లేదు. మొగ్గ కనిపిస్తే గిల్లేస్తున్నాం. గింజ పడే ప్రశ్నే లేదు."

"చివర గిల్లితే పక్క కొమ్మలు కూడా వస్తాయి. బాగా తూగుతుంది," అంది డాక్టరమ్మ, పళ్ళు తోముకునే పద్ధతి చెబుతున్నట్టు.

"మట్టి దులిపించాకే తూస్తున్నాను లెండి," అన్నారు క్యాషియరు గారు. "నా దగ్గర మోసం జరగదు."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పళ్ళ బిగువున అడిగింది. "మామయ్యా, మనం ఈ పార్కుకి దేనికొస్తున్నాం?"

"కలుపు పీకడానికి."

"మరి దానికి నీళ్ళెందుకు పోస్తున్నారు?"

"పీకడానికే," అన్నారాయన, అందులో అర్థం కానిదేముందన్నట్టు. "పల్లంలో అయిపోయి చాలా రోజులైంది. నువ్వేమో పోయిన వారం కన్నా ఎక్కువ అంటావు. ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

"అయిపోయిందని ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే ఆ వారం సున్నా. సున్నా వస్తే నువ్వు తాబేలు పెడతావు. మొదటిసారి పెట్టినప్పుడు మా టీంలో ఒకాయన మూడు వారాలు రాలేదు, తెలుసా? వీళ్ళదీ అదే బాధ. అందుకని ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని, చెరి సగం వేసుకున్నాం."

తలుచుకుంటే ఆమెకి నవ్వు రావాల్సిందే. రాలేదు. ఇన్ని రోజుల కష్టం, బతిమాలుడు, ఆ పల్లం, ఆ పూలు, అన్నీ ఈ సందులో ఈ ముగ్గురి పాలబడ్డాయన్న కోపం గొంతుదాకా వచ్చింది. గుక్క తిప్పుకోకుండా అరిచేసింది. రేపు పొద్దున బండి వస్తోందని, పల్లమంతా మందు కొడతారని, అదీ మనం పంపిన గ్రాఫ్ చూసేనని, వయసొచ్చినవాళ్ళు చేసే పనేనా ఇదని. ఆ చివరి మాట మామగారి వైపు చూసే అంది.

పైపులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"అయితే రేపు తూకం ఉండదా?" అన్నారు క్యాషియరు గారు.

ఆమె నెత్తి పట్టుకుంది.

"మందు కొడతారని మీకెప్పుడు తెలిసింది?" అంది డాక్టరమ్మ.

"మొదటినుంచీ తెలుసు. వానల్లోపు తీయకపోతే కొడతానని అప్పుడే చెప్పాడు."

"మాకు చెప్పలేదే."

"ఇప్పుడు అది నా మీదకి తిప్పకండి డాక్టరుగారూ."

డాక్టరమ్మ చేతిలోని గిల్లిన చివర్లు పక్కన పడేసింది. "సరే, ఎవరి తప్పో తర్వాత చూసుకుందాం. మీకు మాటలొచ్చు. ఆఫీసరుకి ఏదో ఒకటి చెప్పి ఆపించండి. ఈ సందు సంగతి మాత్రం ఎత్తకండి. కలుపు పెంచారని తెలిస్తే రేపు నా క్లినిక్కుకి వచ్చేవాళ్ళు నా మొహం చూసి నవ్వుతారు. మాస్టారి ఫొటో అయితే గేటుకే ఉంది."

మామగారు వెళ్ళి కొళాయి కట్టేశారు. పైపు చుట్ట చుట్టడం మొదలుపెట్టారు, ఎక్కడా మెలిక పడకుండా, స్కూల్లో సామాన్లు సర్దినంత శ్రద్ధగా.

ఆమె ఆఫీసరుకి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేస్తే స్విచ్ ఆఫ్. శనివారం మధ్యాహ్నం దాటాక ప్రభుత్వం కూడా మనిషే కదా.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. భర్త ఇద్దరి మొహాలూ చూసి, "ఏమైంది?" అన్నాడు. "మీ నాన్నగారినే అడగండి," అంది. అతను నాన్నని అడగడానికి వెళ్ళి, అడక్కుండానే తిరిగొచ్చాడు. తలుపు సందులోంచి ఆమెకి కనిపించింది. మామగారు మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నారు. ఎవరో ఎవరితోనో ఆడుతున్నారు. సౌండు లేదు.

ఉన్నమాట చెబితే గేటు మీద ఫొటో పోతుంది, ఆ మనిషి మళ్ళీ ఆ గదిలోంచి రాడు. చెప్పకపోతే రేపు ఈపాటికి పల్లంలో పచ్చగా ఏదీ ఉండదు. రెండిట్లో ఏది పోయినా ఆమె భరించలేదు. ఆ కోపం కూడా మళ్ళీ ఆయన మీదికే పోయింది. సరిగ్గా ఈ మనిషే చేయాలా ఈ పని అనుకుంది.

ఆదివారం ఆమె వెళ్ళేసరికి బండి వచ్చేసింది. పసుపు ట్యాంకు, ముసుగులు తగిలించుకున్న ఇద్దరు మనుషులు, గొట్టాలు విప్పుతున్నారు. ఆఫీసరు గొడుగు కర్రలా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె నేరుగా వెళ్ళి, కొనేవాడు కనబడని రోజున కూడా ఆపని అమ్మకం మొదలుపెట్టింది. ముందు కాటా సరిగ్గా లేదంది.

"కాటా తప్పయితే అన్ని వారాలూ ఒకేలా తప్పాలి," అన్నాడాయన. "పెరుగుతూ పోదు కదా."

సంచుల్లో వేరే చెత్త కలిసిందంది. రిపోర్టుతో పాటు సంచుల ఫొటోలు మీరే పంపారు, అంతా వయ్యారిభామేనన్నాడు. పక్క స్థలంలోంచి కూడా పీకుకొచ్చామంది. ఏ పక్క స్థలం, చూపించమన్నాడు. జీవితంలో మొదటిసారి ఆమె దగ్గర సరుకు అయిపోయింది. ట్యాంకు మీది మోటారు ఆన్ చేశారు.

"సార్," అని వెనకనుంచి వినిపించింది. ఆటోలో వచ్చినట్టున్నారు మామగారు. విజిల్ లేదు. "ఆ మొక్కలు పెంచింది నేను."

ఆఫీసరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "గేటు దగ్గర ఫొటోలో ఉన్నది మీరే కదూ?"

"నేనే. అది తీయించెయ్యండి. పల్లంలో కలుపు ఎప్పుడో అయిపోయింది. గెలవడం కోసం పంపు గది వెనక నీళ్ళు పోసి పెంచాను. మా కోడలికి తెలియదు."

"పొయ్యమన్నది నేను," అంది ఆమె. "నోటితో అనలేదు, అంతే."

ఆఫీసరు మోటారు ఆపమని సైగ చేసి పంపు గది వెనక్కి నడిచాడు. చాలాసేపు చూశాడు.

"ఈ తాడేంటి?"

"అటువైపు డాక్టరమ్మగారిదండీ," అన్నారు మామగారు. అన్నాక నాలిక కరుచుకున్నారు.

ఆఫీసరు జేబురుమాలు తీసి మొహమంతా తుడుచుకున్నాడు. "కలుపు తీయనివాళ్ళని చూశాను. తీశామని చెప్పి తీయనివాళ్ళని రోజూ చూస్తాను. కలుపుకి పాదులు చేసినవాళ్ళని మాత్రం ఇదే చూడటం. మీరు చదువుకున్నవాళ్ళేనా?" జవాబు కోసం ఆగలేదు. బండివాళ్ళని ఆ సందొక్కటే కొట్టి వెళ్ళిపొమ్మన్నాడు. "పల్లం జోలికి రాము. ఫొటో ఇవాళే తీయిస్తాను. కాటా మళ్ళీ కనబడిందో, మిమ్మల్నెవరినీ గేటు దాటనివ్వను. ఇంకో మాటమ్మా, దయచేసి నాకు గ్రాఫులు పంపకండి."

ఆయన వెళ్ళిపోయాడు. పల్లం మిగిలింది. ఆమెకి పట్టరాని సంతోషం రావాలి. వచ్చింది కూడా. కానీ పక్కన మామగారు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి ఉంటే, అది పైకి రాలేదు.

"ఇంతకీ ఆ పల్లంలో ఏముందమ్మా?" అన్నారాయన. "లాన్ వేస్తే వేస్తాడు. రాత్రంతా నువ్వు పడుకోలేదు. దేనికోసం?"

ఆమె గట్టు దిగింది. ఆయన వెనకే దిగారు. పొద్దుటి ఎండ అప్పుడే పడుతోంది, విష్ణుక్రాంత విచ్చుకుని ఉంది. నిలబడి చూస్తే నేల మీద నీలం మరకలా ఉంటుంది, అంతే. ఆయనకి అదీ కనబడలేదు. ఆమె చేత్తో చూపించాక మోకాళ్ళ మీద కూర్చుని, మొహం నేల దాకా దించారు.

"ఎవరు నాటారు?"

"ఎవరూ నాటలేదు. అది పోయాక ఇవే వచ్చాయి."

"ఎప్పుడు?"

"చలి తగ్గినప్పటినుంచీ ఉన్నాయి."

"నేను ప్రతి ఆదివారం ఇక్కడే ఉన్నాను కదా."

"ఉన్నారు."

ఆయన కాసేపు పూలనే చూశారు. తర్వాత వాటి మధ్య నలిగి, ఎండిపోయిన ఒక మచ్చ మీద వేలు పెట్టారు. దాని ముందు ఇంకొకటి, ఆ ముందు ఇంకొకటి, సంచి మోసుకుని గేటు వైపు పరిగెత్తిన మనిషి అడుగుల్లా ఉన్నాయి. తన బూటుకాలు ముందుకి చాపి ఒక మచ్చ పక్కన ఆనించి చూసుకున్నారు. సరిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

ఏ కస్టమరు ఏమడిగినా తడుముకోని మనిషి తడుముకుంది. చెప్పడానికి చాలా ఉన్నాయి. చెబితే ఫొటోలు దిగుతారని, కోస్తారని, పని ఆగిపోతుందని. అన్నీ నిజాలే, ఏదీ అసలు నిజం కాదు.

"మీరంతా తొక్కేస్తారనుకున్నాను మామయ్యా."

ఆయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. అలాగే నేల మీద చతికిలబడి బూట్ల లేసులు విప్పారు. రెండు బూట్లూ ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నేలకి ఆనించి లేచారు. ఒక్కో అడుగు వేసేముందు కిందికి చూసుకుంటూ, ఖాళీ ఉన్నచోటల్లా వెతుక్కుని కాలు పెడుతూ గట్టు వైపు నడిచారు. ఒకచోట చాలాసేపు ఒంటికాలి మీద ఆగిపోయారు. ఆమె చెయ్యి అందించబోయి తనూ కిందికి చూసుకుంది. తను నిలబడిందీ పూల మీదే.